పేరు పుట్టుపూర్వోత్తరాలు వెతకడం ఎలా? పెంటయ్య నుంచి సైదులు దాకా

ఆరో క్లాసులో ఒకరోజు మా మాస్టారు అందరినీ వరసగా లేపి, ఎవరి పేరుకి అర్థం వాళ్ళని చెప్పమన్నారు. రవి అంటే సూర్యుడు, పద్మ అంటే తామర, విజయ్ అంటే గెలుపు. వరస పెంటయ్య దగ్గరికి వచ్చేసరికి క్లాసంతా ఒకటే నవ్వు. వాడు తలొంచుకుని నిలబడ్డాడు. మాస్టారు కూడా నవ్వు ఆపుకుంటూ "సరే, కూర్చో" అన్నారు.

చాలా ఏళ్ళ తర్వాత వాళ్ళమ్మ చెప్పింది. "వాని కంటే ముందు ముగ్గురు పోయిన్రు బిడ్డా. వీడు పుట్టంగనే తీస్కపోయి పెంటకుప్ప మీద పండవెట్టి, మల్ల ఎత్తుకొచ్చుకున్నం. పారేసిన పిలగాడని యముడు సూడకుండ పోతడని." ఆ క్లాసులో 'వీడు బతికితే చాలు' అని అందరికంటే గట్టిగా కోరుకుని పెట్టిన పేరు వాడిదే.

పేరుకి రెండు అర్థాలుంటాయి. ఒకటి ఆ మాటకున్న అర్థం. రెండోది, ఆ మాటనే ఎందుకు పెట్టారన్నది. నిఘంటువులో దొరికేది మొదటిదే. రెండోదాని కోసం కాస్త తిరగాలి. మీ పేరైనా, మీ తాతగారి పేరైనా, ఆఫీసులో కలిసే ఘానా మనిషి పేరైనా ఈ రెండూ ఎలా పట్టుకోవాలో నాకు తెలిసిన వరసలో చెబుతాను. ఒక నోట్‌బుక్ పెట్టుకుని పేజీకి ఒక్క పేరే రాసుకోండి. ఫోన్‌లో రాసుకుంటే మళ్ళీ తెరవరు, అనుభవంతో చెబుతున్నా.

మొదటి అడుగు: ఏ ముక్క ఏమిటో విడదీయండి

పూర్తి పేరు రాసి, అందులో మనిషి పేరు ఏది, ఇంటిపేరు ఏది, తండ్రి పేరు ఏది, బిరుదు ఏది అని గీతలు గీయండి. చాలామంది ఇక్కడే తప్పటడుగు వేస్తారు.

మనకి ఇంటిపేరు ముందుంటుంది. పాములపర్తి వెంకట నరసింహారావులో పాములపర్తి ఇంటిపేరు. చైనా, కొరియా, జపాన్ వాళ్ళకీ అంతే. యూరప్‌లో ఉండి కూడా హంగేరీ వాళ్ళు ఇంటిపేరే ముందు రాస్తారు. బ్యాడ్మింటన్ స్కోరుబోర్డు మీద 'పుసర్ల వి. సింధు' అని కనబడేది అందుకే. ఆ పుసర్ల ఇంటిపేరు.

తమిళనాడు వెళితే లెక్క మారిపోతుంది. అక్కడ ముందుండే పొడి అక్షరం సాధారణంగా ఇంటిపేరు కాదు, తండ్రి పేరో ఊరి పేరో అయి ఉంటుంది. ఎం.ఎస్. సుబ్బులక్ష్మిలో 'ఎం' మదురై, 'ఎస్' ఆవిడ తల్లి షణ్ముఖవడివు. అబ్దుల్ కలాం పూర్తి పేరు అవుల్ పకీర్ జైనులబ్దీన్ అబ్దుల్ కలాం. జైనులబ్దీన్ తండ్రి, ఆ ముందున్నవి తాతముత్తాతల పేర్లు. అంటే ఆయన పేరు చదివితే వంశవృక్షం చదివినట్టే.

ఐస్‌లాండ్‌లో ఎక్కువమందికి ఇంటిపేరే ఉండదు. గాయని బియోర్క్ పేరులోని గుడ్మున్డ్స్‌దోత్తిర్ అంటే గుడ్మున్డుర్ కూతురు అని, అంతే. ఆమె తమ్ముడికి అదే ముక్క 'సొన్'తో ముగుస్తుంది. అందుకే అక్కడి టెలిఫోన్ డైరెక్టరీలో మనుషుల్ని సొంత పేరు వరసలో వేసేవారు. ఇథియోపియాలో కూడా రెండో ముక్క తండ్రి పేరు. మారథాన్ వీరుడు అబెబె బికిలాని 'మిస్టర్ బికిలా' అంటే వాళ్ళ నాన్నని పిలిచినట్టు. స్పెయిన్ వాళ్ళు తండ్రి వైపుది, తల్లి వైపుది రెండూ పెట్టుకుంటారు. టెన్నిస్ ఆటగాడు రఫేల్ నాదల్ పరేరాలో నాదల్ తండ్రిది, పరేరా తల్లిది. బర్మాలో ఇంటిపేర్లు లేవు. ఐక్యరాజ్యసమితికి నాయకత్వం వహించిన ఊ థాంట్ పేరులో 'ఊ' అంటే మన 'గారు' లాంటిదే. ఆయన పేరల్లా థాంట్, ఒక్క ముక్క.

అరబీ పేర్లలో ఒక చిక్కుంది. 'అబ్దుల్' ఒక్కటే పూర్తి పేరు కాదు. అబ్ద్ అంటే దాసుడు, దానికి తర్వాత మాట తాలూకు 'అల్' అతుక్కుంది. అబ్దుల్ రహ్మాన్ అంటే కరుణామయుడి దాసుడు. సగంలో కోసి "ఏమయ్యా అబ్దుల్" అంటే "ఏమయ్యా, ఫలానావారి దాసు" అని ఆగినట్టుంటుంది. రామదాసు, ఏసుదాసు, హీబ్రూ ఓబద్యా, అన్నీ ఇదే అచ్చులో పోసిన పేర్లు.

రెండో అడుగు: ఏ భాష మాటో తేల్చండి

దేశాన్ని బట్టీ మతాన్ని బట్టీ తేల్చొద్దు. చెవికి వినబడే దాన్ని బట్టి అసలే తేల్చొద్దు. మంచి ఉదాహరణ కిరణ్. మనకి అది సంస్కృతం, వెలుగు రేఖ. ఐర్లండ్‌లో దాదాపు ఇలాగే పలికే కీరన్ అనే పేరుంది. దాని మూలం 'కియర్', అంటే నలుపు. ఒకే శబ్దం, ఒకచోట వెలుగు, ఒకచోట చీకటి.

ఇప్పుడు మన దగ్గర బాగా వినబడుతున్న కియారా సంగతీ అంతే. ఇటలీ వైపు నుంచి చూస్తే కియారా అంటే స్వచ్ఛమైనది, కాంతిగలది. ఐర్లండ్ వైపు నుంచి చూస్తే మళ్ళీ ఆ 'కియర్' నలుపే. పాప అమ్మానాన్నలు ఏ వైపు నుంచి తెచ్చుకున్నారో వాళ్ళని అడగాల్సిందే. మైరా అనే పేరుంది చూడండి, అది ఏ ప్రాచీన భాష నుంచీ రాలేదు. 16వ శతాబ్దంలో పుట్టిన ఫుల్క్ గ్రెవిల్ అనే ఇంగ్లీషు కవి తన ప్రేమ కవితల కోసం కల్పించుకున్నాడు. మన వెబ్‌సైట్లు మాత్రం దానికి సంస్కృతార్థం కూడా ఇచ్చేస్తాయి.

భాష తేల్చడానికి మంచి చిట్కా: ఆ పేరుని దాని సొంత లిపిలో ఎలా రాస్తారో చూడండి. థాయ్‌లాండ్‌ని ఏలిన రాజు భూమిబోల్ అదుల్యదేజ్ పేరు వింటే మనకేమీ తట్టదు. థాయ్ లిపిలో ఉన్న అక్షరాల్ని ఒక్కొక్కటే తెలుగులోకి మార్చండి: భూమిబల అతుల్యతేజ. ఆయనకి ముందు తరాల్లోని వజిరావుధ్ అంటే వజ్రాయుధుడు. ఇండోనేషియాలో మేఘవతి సుకర్ణోపుత్రి ఉన్నారు. అధ్యక్షురాలిగా చేసిన ఈ ముస్లిం మహిళ పేరులో మేఘం ఉంది, కర్ణుడున్నాడు, పుత్రి ఉంది. పేరు చూసి మతం చెప్పేవాళ్ళు కాసేపు ఇక్కడ ఆగాలి.

మూడో అడుగు: ఎంత అరిగిందో వెనక్కి లెక్కగట్టండి

చేతులు మారిన నాణెంలా పేరు కూడా అరుగుతుంది. ఒక్క పేరు ఎంత దూరం పోగలదో చూడాలంటే యోహాను చాలు. హీబ్రూలో యోహానాన్, దేవుడు దయ చూపాడు అని. గ్రీకులో ఇయోయాన్నెస్ అయ్యింది, లాటిన్‌లో యొహాన్నెస్. అక్కడి నుంచి ఇంగ్లీషు జాన్, ఫ్రెంచి జాఁ, స్పానిష్ హువాన్, ఇటాలియన్ జొవాన్ని, రష్యన్ ఇవాన్, ఐరిష్ షాన్, జర్మన్ హాన్స్. ఖురాన్‌లో యహ్యా. కృష్ణా జిల్లాలో యోహాను, మాస్కోలో ఇవాన్, హైదరాబాదు పాతబస్తీలో యహ్యా, ముగ్గురిదీ ఒకే పేరు. ముగ్గురికీ తెలియదు.

మన పేర్ల అరుగుదల ఇంకా సరదాగా ఉంటుంది. రాజ అన్న మాట ప్రాకృతంలో రాయ అయ్యింది, దాని నుంచి రాయలు, రావు, ఉత్తరాదిన రాయ్ వచ్చాయి. అహోబిలం నరసింహస్వామి భక్తుల ఇళ్ళలో అహోబలేశుడు కాస్తా ఓబులేశు, ఓబయ్య, ఓబులరెడ్డి, ఓబులమ్మ అయ్యాడు. ఈ అడుగులో మీకు కావాల్సింది ఓపిక, పక్క రూపాలు. ఒకే ఇంట్లో, ఒకే ఊళ్ళో ఆ పేరుని ఎన్ని రకాలుగా పిలుస్తారో అన్నీ రాసుకోండి. పొడుగైన రూపం దగ్గర మూలం దొరుకుతుంది.

ఇక్కడే ఒక జాగ్రత్త. అరిగిన పేరుకి అందంగా అర్థం అల్లేవాళ్ళు ఎప్పుడూ ఉన్నారు. 'వేం' అంటే పాపాలు, 'కట' అంటే కాల్చేది, కాబట్టి వేంకటం అని పురాణాలు చెబుతాయి. భక్తికి అది చాలు. కానీ వేంగడం అనే కొండ పేరు పాత తమిళ సాహిత్యంలో, తమిళ నేలకి ఉత్తరపు హద్దుగా అప్పటికే ఉంది. నోట్‌బుక్‌లో రెండూ రాసుకోండి, వేరువేరు గళ్ళలో.

నాలుగో అడుగు: ఎందుకు పెట్టారో వెతకండి

అసలు పని ఇదే. మిగతావన్నీ ఇంట్లో కూర్చుని చేయొచ్చు, దీనికి మాత్రం మనుషులు కావాలి.

ముందు తేలికైనవి. పుట్టిన రోజుని బట్టి పెట్టే పేర్లు. ఘానాలో అకాన్ జనం మగపిల్లాడు శుక్రవారం పుడితే కోఫీ, శనివారం పుడితే క్వామె, ఆదివారమైతే క్వాసీ అంటారు. కోఫీ అన్నన్ పుట్టింది 1938 ఏప్రిల్ 8న, అది శుక్రవారమే. మన మధ్యభారతం అడవుల్లో కూడా సోమ్రా, మంగ్రా, బుధ్రామ్, సుక్రా పేర్లు వారాల పేర్లే. బిర్సా ముండా గురువారం పుట్టాడని, బృహస్పతివారం మీదుగా ఆ పేరు వచ్చిందని చెబుతారు. అయితే మనం జయంతి జరుపుకునే 1875 నవంబరు 15 సోమవారం. కాగితం ఒకటి చెబుతుంటే పేరు ఇంకొకటి చెబుతోంది. పేరు కూడా ఒక సాక్ష్యమే అని నాకు అర్థమైంది ఇక్కడే. మీ ఇంట్లో వారం పేరున్న పెద్దాయన ఎవరైనా ఉంటే, ఆధార్‌లోని తేదీ ఏ వారమో ఒకసారి చూడండి. జూన్ 1, జనవరి 1, జూలై 1 తేదీలైతే చూడక్కర్లేదు, అవి బడిలో చేర్చేటప్పుడు వేసినవి.

పుట్టిన వరసని బట్టి పెట్టేవి ఇంకా తేలిక. బాలిలో మొదటి బిడ్డ వయాన్, రెండో బిడ్డ మదె, మూడు న్యోమన్, నాలుగు కెతుత్. ఐదో బిడ్డ పుడితే మళ్ళీ వయాన్. మదె మన 'మధ్య'మే. జపాన్‌లో ఇచిరో మొదటివాడు, జిరో రెండోవాడు, సబురో మూడోవాడు. మన పెద్దన్న, నడిపన్న, చిన్నయ్య ఇదే బాపతు.

తర్వాత దేవుళ్ళ పేర్లు. ఇక్కడ తెలుగునేల ఒక మ్యాపులా పరుచుకుంటుంది. అప్పలరాజు, అప్పలనాయుడు, అప్పలనర్సమ్మ అంటే సింహాచలం అప్పన్న, ఉత్తరాంధ్ర. పైడిరాజు అంటే విజయనగరం పైడితల్లి. నూకరాజు అంటే అనకాపల్లి నూకాలమ్మ. కోటయ్య, కోటేశ్వరరావు అంటే నరసరావుపేట దగ్గర కోటప్పకొండ. యాదయ్య, యాదమ్మ అంటే యాదగిరిగుట్ట. రాజయ్య, రాజవ్వ అంటే వేములవాడ రాజన్న. సమ్మయ్య, సారక్క అంటే మేడారం. బస్సులో పక్కన కూర్చున్న ముసలాయన పేరు చెబితే, ఏ జిల్లాయో పదింట ఏడుసార్లు చెప్పగలను. ఈ తరం పిల్లల దగ్గర ఈ విద్య పనిచేయదు. విహాన్‌లు, ఆద్యలు అన్ని జిల్లాల్లోనూ ఉన్నారు.

దేవుడిచ్చిన బిడ్డ అన్న ఊహ అయితే లోకమంతా ఒకటే. గ్రీకు థియొడోర్, స్లావు భాషల బొగ్దాన్, హీబ్రూ మత్తయి, అరబీ అతావుల్లా, పారశీకం ఖుదాదాద్, సంస్కృతం దేవదత్త, మన వరప్రసాదు. ఒక భాష నుంచి ఇంకో భాష అప్పు తెచ్చుకోనక్కర్లేదు. ఎదురుచూసి కన్న తల్లి ఎక్కడైనా అదే మాట అంటుంది.

తాతల పేర్లు. మనం మనవడికి తాత పేరు పెడతాం. పెట్టాక ఒక ఇబ్బంది. కోడలు మామగారి పేరు ఎత్తకూడదు, కాబట్టి సొంత కొడుకుని పేరు పెట్టి తిట్టలేదు. అందుకే వాడు చిన్నా, నానీ, బుజ్జీ, పండూ అవుతాడు. అరవై ఏళ్ళొచ్చినా చిన్నాగానే మిగిలిపోయిన మామయ్యలు ప్రతి ఇంట్లో ఉంటారు. వాళ్ళ అసలు పేరు వెతకండి, ముత్తాత దొరుకుతాడు. ఇదే విషయంలో చైనా సంప్రదాయం పూర్తిగా తిరగేసి ఉంటుంది. పెద్దల పేరు పిల్లలకి పెట్టడమే అక్కడ అమర్యాద. యూదుల్లో తూర్పు యూరప్ నుంచి వచ్చిన అష్కెనాజీలు బతికున్న తాత పేరు పెట్టరు, పోయినవాళ్ళదే పెడతారు. స్పెయిన్ వైపు నుంచి చెదిరిన సెఫర్దీలు బతికున్న తాత పేరే సంతోషంగా పెడతారు.

ఇక పెంటయ్య దగ్గరికి వద్దాం. బిడ్డ బతకాలని పాడు పేరు పెట్టడం మన ఒక్కరి ఆచారం కాదు. మన దగ్గర ఎంగిలి విస్తళ్ళ మీద, అంటే పుల్లాకుల మీద దొర్లించిన పిల్లాడు పుల్లయ్య. బిచ్చమెత్తి పెంచుతామని మొక్కుకుంటే బిచ్చమయ్య, భిక్షపతి. తమిళంలో పిచ్చై అంటే భిక్ష, సుందర్ పిచాయ్ పేరులో ఉన్నది ఆ మాటే. మన పిచ్చయ్యని పిచ్చితో ముడిపెట్టే ముందు ఇది గుర్తు చేసుకోండి. బెంగాలులో బిడ్డని మంత్రసానికి ఉత్తుత్తిగా అమ్మేసి, మూడు గవ్వలకి తిరిగి కొన్నట్టు తీన్‌కోడీ అని పిలిచేవారు. ఐదు గవ్వలైతే పాంచ్‌కోడీ. చైనా పల్లెల్లో గౌషెంగ్ అనే ముద్దుపేరుంది, కుక్క తినగా మిగిలింది అని. మన పుల్లయ్యకి సొంత తమ్ముడు. మంగోలియాలో ఇంకా తెలివిగా పెడతారు. నెర్‌గుయ్ అంటే పేరు లేదు. ఎనెబిష్ అంటే వీడు కాదు. హున్‌బిష్ అంటే మనిషి కాదు. చావు తలుపు తట్టి "ఎవరున్నారు?" అంటే, "పేరు లేదు", "వీడు కాదు" అని జవాబు సిద్ధంగా ఉంటుంది. జావాలో తరచూ జబ్బు పడే పిల్లవాడికి పేరే మార్చేస్తారు. ఇండోనేషియా తొలి అధ్యక్షుడు సుకర్ణోకి మొదట పెట్టిన పేరు కుస్నో.

చిరాకు పుట్టించే పేరు కనబడగానే ఇదే కారణం అనుకుని సంబరపడకండి. మహారాష్ట్రలో నకుషా అనే పేరుంది, 'అక్కర్లేనిది' అని. వరసగా ఆడపిల్లలే పుడితే ఆ తర్వాతి పాపకి పెట్టేవారు. 2011లో సతారా జిల్లాలో ఈ పేరున్న 285 మంది అమ్మాయిలకి కొత్త పేర్లు పెట్టారు. నిఘంటువులో పెంట కంటే 'అక్కర్లేనిది' కొంచెం మర్యాదగానే ఉంటుంది. కానీ పెంటయ్య కావలసిన బిడ్డ, నకుషా వద్దనుకున్న బిడ్డ. కారణం అడగకుండా ఈ తేడా ఎక్కడ దొరుకుతుంది?

రాజకీయం వల్ల వచ్చిన పేర్లకి మాట అర్థం వెతకడం దండగ. నెహ్రూ అన్నది నహర్ నుంచి వచ్చింది, కాలువ అని. ఆ కుటుంబం ఒకప్పుడు ఢిల్లీలో కాలువ పక్కన ఉండేది. గాంధీ అంటే గుజరాతీలో సుగంధ ద్రవ్యాలు, పచారీ సామాను అమ్మేవాడు. మన ఊళ్ళలో గాంధీ, నెహ్రూ, బోసు అని పిల్లలకి సొంత పేర్లుగా పెట్టినవాళ్ళు కాలువనో కిరాణానో తలచుకోలేదు. ఇలాంటి పేరుకి పుట్టిన ఏడాది రాసుకోవడమే సరైన పద్ధతి. తమిళనాడు నాయకుడు స్టాలిన్ పుట్టింది 1953 మార్చి 1న, సోవియట్ నాయకుడు స్టాలిన్ పోయింది మార్చి 5న. ఇంక వివరణ ఎందుకు?

ఐదో అడుగు: ఇంటిపేరుని విడిగా పట్టుకోండి

తెలుగు ఇంటిపేర్లలో ఎక్కువ భాగం ఊళ్ళ పేర్లు, అదీ వ్యాకరణంతో సహా. ఊరు అన్న మాట 'యొక్క' అనే అర్థంలో ఊరి అవుతుంది కదా, పాడు పాటి అవుతుంది. కాబట్టి వేటూరి వారిది వేటూరు, నండూరి వారిది నండూరు, ప్రత్తిపాటి వారిది ప్రత్తిపాడు. మీ ఇంటిపేరు చివర 'రి' ఉంటే 'రు' చేసి, 'టి' ఉంటే 'డు' చేసి, మ్యాపులో వెతకండి. తాళ్ళపాక అన్నమయ్యది రాజంపేట దగ్గర తాళ్ళపాక. బమ్మెర పోతనది జనగామ జిల్లా బమ్మెర. అక్షరం కూడా మార్చక్కర్లేదు.

'నేని'తో ముగిసే వాటిది వేరే దారి. నాయుడు మాటకి నాయని అనే రూపం, అది అరిగి నేని. అంటే ఊరి పేరు కాదు, ఫలానా నాయుడి వంశం అని. ద్వివేదుల, చతుర్వేదుల లాంటివి చదువుని బట్టి వచ్చాయి.

ఇంటిపేరుని బట్టి కులం తేల్చడానికి చూడకండి. ఒకే ఊరి నుంచి వలస వెళ్ళిన నాలుగు కులాల వాళ్ళకి ఒకే ఇంటిపేరు ఉండటం మామూలు విషయం. ఊరి పేరుతో మనిషిని గుర్తించడం మన సొంతమూ కాదు. అరబీ, పారశీక పేర్లలో బుఖారీ అంటే బుఖారా వాడు. ఖ్వారిజ్మీ అంటే మధ్య ఆసియాలోని ఖ్వారిజ్మ్ వాడు. ఆ గణితవేత్త ఇంటి ఊరే లాటిన్ నోళ్ళలో నలిగి అల్గారిథమ్ అయ్యింది. రోజూ యూట్యూబ్‌ని తిట్టుకునేటప్పుడు మనం తలచుకునేది ఆయన ఊరినే.

ఆరో అడుగు: చట్టం ఏ ఏడాది వచ్చిందో చూడండి

కొన్ని దేశాల్లో ఇంటిపేరు ఒక సర్కారు కాగితంతో పుట్టింది. అంతకు ముందుకి తవ్వితే ఏమీ రాదు. ఫిలిప్పీన్స్‌లో 1849లో గవర్నర్ క్లావెరియా ఒక పేర్ల పట్టిక అచ్చువేయించి ఊళ్ళకి పంచాడు. అందుకే అక్కడ కొన్ని ఊళ్ళలో ఇంటిపేర్లన్నీ ఒకే అక్షరంతో మొదలవుతాయి. అక్కడి స్పానిష్ ఇంటిపేరు చూసి స్పెయిన్ రక్తం అనుకుంటే తప్పు. జపాన్‌లో 1875లో, థాయ్‌లాండ్‌లో 1913లో, టర్కీలో 1934లో ఇంటిపేరు తప్పనిసరి అయ్యింది. టర్కీ అప్పటి అధ్యక్షుడు ముస్తఫా కెమాల్‌కి అతాతుర్క్ అన్నది ఆ చట్టం తర్వాత వచ్చినదే, తుర్కుల తండ్రి అని.

ఏడో అడుగు: కాగితాలు, పెద్దవాళ్ళు

ముందు పెద్దవాళ్ళు. కాగితాలు ఎక్కడికీ పోవు.

అడిగే పద్ధతి ఒకటుంది. "అమ్మమ్మా, నీ పేరుకి అర్థం ఏంటి?" అంటే "ఏముందమ్మా, ఏదో పెట్టారు" అంటుంది, అయిపోతుంది. "నీకు ఆ పేరు ఎవరు పెట్టారు? నీ ముందు ఎవరు పుట్టారు? మీ వాళ్ళు ఏ కొండకి మొక్కేవాళ్ళు?" అని అడగండి, గంటసేపు చెబుతుంది. పోయిన పిల్లల సంగతి వస్తే తొందరపెట్టకండి. ఫోన్ రికార్డర్ ఆన్ చేస్తున్నట్టు చెప్పే చేయండి.

తద్దినం పెట్టే ఇళ్ళలో తండ్రి, తాత, ముత్తాత పేర్లు మంత్రంతో పాటు ఇంటాయన నోటికి వచ్చే ఉంటాయి. మూడు తరాలు ఉచితంగా దొరికినట్టే. ఆ పైన పాత లగ్నపత్రికలు, పొలం దస్తావేజులు, పహాణీలు, బడి టీసీలు. ప్రతి కాగితంలో పేరు ఎలా రాశారో అక్షరం మార్చకుండా ఎత్తి రాసుకోండి. ఒక సర్టిఫికెట్‌లో మా తాతగారి ఇంటిపేరు ఆయన సొంత పేరుగా మారింది, దాన్ని సరిచేయించడానికి ఆ కౌంటర్ చుట్టూ ఏడాది తిరిగాం. అమెరికా వీసాలో సొంత పేరు గడి ఖాళీగా ఉంటే 'ఎఫ్ఎన్‌యూ' అని పడుతుంది, మొదటి పేరు తెలియదు అని. పాస్‌పోర్టులో ఒకే గడిలో పేరంతా రాయించుకున్న మనవాళ్ళు కొందరు అక్కడ అదే పేరుతో పిలిపించుకుంటూ నవ్వుకుంటారు.

ముందు తరాలు ఓడెక్కి వెళ్ళినవాళ్ళయితే వెతుకులాట ఓడ జాబితాల దగ్గర మొదలవుతుంది. మద్రాసు నుంచి కూలీలతో బయలుదేరిన ట్రూరో అనే ఓడ 1860 నవంబరు 16న దక్షిణాఫ్రికాలోని డర్బన్ చేరింది. ఆ తర్వాత వెళ్ళిన ఓడల్లో తెలుగువాళ్ళూ చాలామంది ఉన్నారు. ఆ జాబితాల్లో మనిషి పేరు, తండ్రి పేరు, వయసు, కులం, జిల్లా, ఊరు రాశారు. రాసింది మన భాష రాని గుమాస్తాలు. నాయుడు అక్కడ నాయ్‌డూ అయ్యి అలాగే ఉండిపోయింది. జాబితాలో పేరు దొరక్కపోతే గట్టిగా చదివి చూడండి. కంటికి దొరకని పేరు చెవికి దొరుకుతుంది.

ఎనిమిదో అడుగు: వెబ్‌సైట్‌ని చివర్లో చూడండి, మొదట కాదు

పిల్లల పేర్ల సైట్లని పట్టించే గుర్తులు కొన్ని. ఏ భాష మాటో చెప్పకుండా 'ఇండియన్' అని రాస్తే వదిలేయండి. ఒకే పేరుకి అందం, లక్ష్మీదేవి, వెన్నెల, విజయం అని నాలుగు అర్థాలిస్తే వదిలేయండి. సంస్కృతం అంటే, మంచి సంస్కృత నిఘంటువు తెరిచి ఆ మాట ఉందో లేదో చూడండి. రెండు నిమిషాల పని. అక్షరం పక్కన ఇంకో అక్షరం చేర్చి లక్కు తెప్పించే న్యూమరాలజీ ఇంగ్లీషు స్పెల్లింగుకే వర్తిస్తుంది, తెలుగులో రాస్తే ఆ పేరు మళ్ళీ మామూలుగానే ఉంటుంది. కాబట్టి అర్థం మారిందేమో అన్న టెన్షన్ వద్దు.

విదేశంలో పుట్టే బిడ్డకి పేరు వెతుకుతుంటే, ఆ దేశం భాషలో ఆ శబ్దానికి ఏ అర్థం ఉందో అక్కడివాళ్ళని ఒకరిని అడగండి. కిరణ్‌తో ఎవరికీ నష్టం లేదు, అన్ని పేర్లూ అంత అదృష్టవంతమైనవి కావు.

ఒక పేరుతో మొత్తం నడిచి చూద్దాం: సైదులు

విడదీస్తే సైద్ + లు. చివరి 'లు' మన తెలుగు గౌరవ బహువచనం, రాములులో ఉన్నదే. భాష చూస్తే సైద్ అరబీ సయ్యద్, అంటే ప్రభువు, పెద్ద. ప్రవక్త వంశంవారిని అలా పిలుస్తారు. అరుగుదల పెద్దగా లేదు. పక్క రూపాలు రాసుకుంటే సైదయ్య, సైదమ్మ, సైదిరెడ్డి. చివరిది చూడగానే ఏ సైటూ ఇవ్వలేని ప్రశ్న వస్తుంది: రెడ్ల ఇంట్లో అరబీ పేరెందుకు?

దానికి జవాబు సూర్యాపేట జిల్లా జాన్‌పహాడ్‌లో ఉంది. అక్కడి దర్గాలో సైదన్నకి జనవరిలో ఉర్సు జరుగుతుంది. ముస్లింలతో పాటు హిందువులూ బండ్లు కట్టుకుని వస్తారు, పిల్లలు కావాలని మొక్కుతారు, పుట్టాక ఆయన పేరు పెట్టుకుంటారు. కోటప్పకొండకి మొక్కి కోటయ్య అని పెట్టినట్టే. కాబట్టి నోట్‌బుక్‌లో 'మాట అర్థం' గడిలో ప్రభువు అని, 'కారణం' గడిలో జాన్‌పహాడ్ మొక్కు అని రాసుకుంటాం. మతం గడి నేను పెట్టుకోలేదు.

పేజీ అడుగున ఇంకో ముక్క కూడా రాసుకున్నాను. 1099లో చనిపోయిన ఒక యోధుణ్ణి స్పెయిన్ ఇప్పటికీ వీరుడిగా చెప్పుకుంటుంది. అతని బిరుదు ఎల్ సిద్. అప్పటి అరబ్బులు తమ నాయకుణ్ణి 'సీదీ', నా ప్రభువా, అని పిలిచేవారు. ఆ పిలుపే బిరుదైంది. సయ్యద్‌కి వాడుక రూపం అది. అంటే జాన్‌పహాడ్ ఉన్న పాలకీడు మండలంలో మేకలు కాసుకునే సైదులుకి స్పెయిన్‌లో గుర్రం ఎక్కిన చుట్టం ఒకాయన ఉన్నాడు.